తుపాకీ మ్యాగజైన్‌కు పది తూటాల హద్దు పెడితే ప్రాణాలు నిలుస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. ఏ ఊరు, ఏ మాల్, మనవాళ్లెవరైనా ఆ చుట్టుపక్కల ఉంటారా అన్న టెన్షన్ తీరాక చర్చ మొదలవుతుంది: అంత పెద్ద దేశం దీనికి ఏదో ఒకటి చేయలేదా? అక్కడ తరచుగా వినిపించే జవాబుల్లో ఒకటి, మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్యకు చట్టంతో హద్దు పెట్టడం. దాని మీద మనవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ హద్దు ఉండాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను. కానీ అది ఏ చావులను తగ్గించగలదో, వేటిని తాకను కూడా తాకలేదో తెలుసుకుని మద్దతివ్వాలి. లేనిపోని ఆశలు పెట్టి చట్టం తెస్తే, తర్వాత జరిగే మొదటి ఘోరంతోనే జనానికి దాని మీద నమ్మకం పోతుంది.

అసలు మ్యాగజైన్ అంటే ఏమిటి? దేనికి హద్దు?

తూటాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున స్ప్రింగు పెట్టిన డబ్బా అది. ఒక తూటా పేలగానే స్ప్రింగు తర్వాతి తూటాను పైకి తోస్తుంది. పిస్తోలుకైతే పిడిలోకి, రైఫిల్‌కైతే కిందినుంచి తగిలిస్తారు. ఖాళీ అయితే బటన్ నొక్కి తీసేసి ఇంకొకటి పెట్టుకోవాలి. గ్లాక్ 17 పిస్తోలుకు మామూలుగా వచ్చే మ్యాగజైన్‌లో 17 తూటాలు పడతాయి. ఏఆర్-15 తరహా రైఫిళ్లకు 30 తూటాలది సర్వసాధారణం. గుండ్రటి డ్రమ్ములా ఉండేవాటిలో 75, 100 కూడా పడతాయి.

హద్దు పెట్టేది ఈ డబ్బాకే. తుపాకీ కొనడాన్ని గానీ, మొత్తం ఎన్ని తూటాలు దాచుకోవచ్చన్నదాన్ని గానీ ఈ హద్దు ముట్టుకోదు.

పది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

1993 డిసెంబర్ 7న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ రైల్లో ఒకడు 15 తూటాల మ్యాగజైన్లున్న పిస్తోలుతో ప్రయాణికులను కాల్చాడు. ఆరుగురు చనిపోయారు. రెండు మ్యాగజైన్లు ఖాళీ చేసి మూడోది పెట్టుకోబోతుండగా ముగ్గురు ప్రయాణికులు మీద పడి అతన్ని అదిమి పట్టుకున్నారు. ఆ బోగీలో భర్తను కోల్పోయిన కరొలిన్ మెకార్తీ నర్సు. కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఆవిడ 1996లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఎన్నికై, ఏళ్ల తరబడి ఈ విషయం మీద బిల్లులు పెడుతూ వచ్చారు.

ఈలోపు 1994 సెప్టెంబర్ 13న క్లింటన్ సంతకంతో జాతీయ చట్టం వచ్చింది. కొన్ని రకాల రైఫిళ్లతోపాటు పది తూటాలు దాటిన కొత్త మ్యాగజైన్ల తయారీ, అమ్మకం నిషిద్ధమయ్యాయి. గడువు పదేళ్లు. 2004 సెప్టెంబర్ 13న గడువు తీరింది, కాంగ్రెస్ పొడిగించలేదు. పదికి శాస్త్రీయమైన లెక్కేమీ లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి అక్కడ గీశారు. కొలరాడో 15 దగ్గర గీసింది, డెలవేర్ 17 దగ్గర.

ఇంకో సంగతి. అమెరికాలో బాతుల్లాంటి వలస పక్షులను వేటాడేవాళ్ల షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకూడదని 1935 నుంచే జాతీయ నిబంధన ఉంది. పక్షిజాతి అంతరించిపోకూడదన్న ఉద్దేశంతో పెట్టిన ఆ నిబంధనను వేటగాళ్లు తొంభై ఏళ్లుగా పాటిస్తూనే ఉన్నారు. కాబట్టి తూటాల సంఖ్యకు హద్దు అనే ఆలోచన ఆ దేశానికి కొత్తేమీ కాదు.

డబ్బా చిన్నదైతే చావులు ఎలా తగ్గుతాయి?

జవాబంతా ఆ ఖాళీ సమయంలో ఉంది. మ్యాగజైన్ అయిపోయాక ఇంకొకటి పెట్టేలోపు తుపాకీ పేలదు. ఆ కొన్ని సెకన్లలో మనుషులు పరుగెత్తుతారు, తలుపు వేస్తారు, లేదా కాల్చేవాడి మీద పడతారు.

2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో ఒక సూపర్‌మార్కెట్ ముందు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ జనంతో మాట్లాడుతుండగా ఒకడు గ్లాక్ 19తో కాల్పులు జరిపాడు. అతని మ్యాగజైన్‌లో పట్టేది 33. అర నిమిషంలోపే అది ఖాళీ అయింది. ఆరుగురు చనిపోయారు, గిఫర్డ్స్‌తో కలిపి 13 మందికి తూటాలు తగిలాయి. రెండో మ్యాగజైన్ పెట్టుకోబోయి జారవిడుచుకున్నాడు. అక్కడున్న అరవయ్యేళ్ల పైబడిన ఒకావిడ దాన్ని అందకుండా లాగేసుకున్నారు, ఇద్దరు ముగ్గురు కలిసి అతన్ని నేలకు అదిమి పట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ సెనేట్ కమిటీ ముందు ఒక లెక్క చెప్పారు. మొదటి తూటా తన భార్య తలలోకి వెళ్లింది, పదమూడోది తొమ్మిదేళ్ల చిన్నారికి తగిలింది. పది దగ్గర ఆగి ఉంటే ఆ పాప బతికేది, ఆయన వాదన ఇదే. ఆయన కూడా తుపాకీ ఉన్న మనిషే.

2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో కాల్పులు జరిపినవాడు 30 తూటాల మ్యాగజైన్లతో ఐదు నిమిషాలలోపే 154 సార్లు కాల్చాడు. 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు పోయారు. ఒక తరగతి గదిలో తుపాకీ కాసేపు ఆగింది. అది మొరాయించిందో, మ్యాగజైన్ మార్చుకుంటున్నాడో ఖాయంగా తేలలేదు. ఆ కాసేపట్లో కొందరు పిల్లలు అతని పక్కనుంచే బయటికి పరుగెత్తి బతికారు. వాళ్ల వయసు ఆరేడేళ్లు.

మన తెలుగువాళ్ల గుండెల్లో ఇంకా పచ్చిగా ఉన్న ఘటన కూడా దీనికి సాక్ష్యమే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో జాత్యహంకారంతో ఒకడు కాల్చిన కాల్పుల్లో హైదరాబాద్ ఇంజనీరు చనిపోయారు, ఆయన స్నేహితుడు గాయపడ్డారు. ఆ బార్‌లోనే ఉన్న ఒక అమెరికన్ యువకుడు బల్ల కింద నక్కి తూటాల చప్పుళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది విన్నాక మ్యాగజైన్ అయిపోయిందనుకుని లేచి హంతకుడి వెంట పడ్డాడు. లెక్క తప్పింది. తుపాకీలో ఇంకా తూటా మిగిలి ఉంది, అది అతని చేతిలోంచి ఛాతీలోకి దిగింది. ముక్కూమొహం తెలియని మనవాళ్ల కోసం ప్రాణం పణంగా పెట్టిన ఆ యువకుడు బతికాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతనికి ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. మామూలు మనుషులు అంతటి భయంలో కూడా ఆ ఖాళీ కోసం కాచుకుంటారని ఇంతకంటే బాగా చెప్పే ఘటన నాకు తెలియదు.

రెండు సెకన్లలో మ్యాగజైన్ మార్చేస్తారు కదా? పది పదివి నాలుగు తెచ్చుకుంటే?

ఈ అభ్యంతరంలో బలముంది. ఫ్లోరిడాకు చెందిన నేరశాస్త్ర ఆచార్యుడు గ్యారీ క్లెక్ 2016లో ఇదే వాదించారు. మ్యాగజైన్ మార్చడానికి రెండు నుంచి నాలుగు సెకన్లు చాలు, సామూహిక హంతకులు దాదాపు ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువ మ్యాగజైన్లో తుపాకులో తెచ్చుకుంటారు, పైగా వాళ్లు చాలాసార్లు తీరిగ్గానే కాలుస్తారు, కాబట్టి ఆ ఖాళీ పెద్దగా లెక్కలోకి రాదు అని.

వర్జీనియా టెక్ ఘటన ఆయన పక్షానే ఉంది. 2007 ఏప్రిల్ 16న అక్కడ 32 మందిని చంపినవాడి దగ్గరున్నవి రెండు పిస్తోళ్లు, 10, 15 తూటాల మ్యాగజైన్లు. సంచి నిండా మ్యాగజైన్లు తెచ్చుకుని మార్చుకుంటూ పోయాడు. ఎక్కువమంది చనిపోయిన భవనం ద్వారాలకు ముందే గొలుసులు వేశాడు. కెనడాలోని క్యూబెక్ మసీదులో 2017 జనవరిలో కాల్చినవాడి రైఫిల్ మొదట్లోనే మొరాయించింది. అప్పుడు పది తూటాల మ్యాగజైన్లున్న పిస్తోలు తీశాడు. రెండు నిమిషాలలోపే ఆరుగురు చనిపోయారు.

అయినా నేను ఈ వాదనతో పూర్తిగా ఏకీభవించను. రెండు సెకన్లన్నది సాధన చేసినవాడి చేతి వేగం, అదీ గురి చూసి కాల్చుకునే ప్రశాంతమైన మైదానంలో. టూసాన్‌లోని వాడు మ్యాగజైన్ జారవిడిచాడు. మార్చుకోవాల్సిన సార్లు పెరిగేకొద్దీ తడబడే అవకాశాలూ పెరుగుతాయి. 2019 ఆగస్టు 4న ఒహాయోలోని డేటన్‌లో పోలీసులు ఆ వీధిలోనే ఉన్నారు. దాదాపు అరనిమిషంలోనే హంతకుణ్ని కాల్చి పడేశారు. ఆ 32 సెకన్లలో అతను 41 తూటాలు కాల్చాడు, తొమ్మిది మంది పోయారు. చేతిలో ఉన్నది వంద తూటాల డ్రమ్ము. ఒక్కసారి కూడా ఆగాల్సిన పని పడలేదు. పోలీసులు అంత దగ్గర్లో ఉన్న చోట ప్రతి ఆగుడూ విలువైనదే.

1994 చట్టం పదేళ్లు ఉంది కదా, దానివల్ల ఒరిగిందేమిటి?

తుపాకీ హింస మొత్తాన్ని చూస్తే, కొలవదగినంత తేడా కనిపించలేదు. ప్రభుత్వ నిధులతో దీన్ని పరిశీలించిన క్రిస్టఫర్ కోపర్ బృందం 2004లో ఇచ్చిన నివేదిక, చట్టాన్ని పొడిగించినా ప్రభావం మహా అయితే చిన్నదిగా ఉండొచ్చనీ, లెక్కకు అందనంత చిన్నది కూడా కావచ్చనీ రాసింది. హద్దును వ్యతిరేకించేవాళ్లు ఈ వాక్యాన్ని ఎక్కువగా చూపిస్తారు. అది నిజంగా అందులో ఉన్నదే.

కానీ ఆ నివేదికే కారణం కూడా చెప్పింది. చట్టం వచ్చేనాటికి దేశంలో పెద్ద మ్యాగజైన్లు రెండు కోట్లకు పైగా ఉన్నాయి. వాటిని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నిషేధానికి ముందు తయారైనవైతే విదేశాల నుంచి దిగుమతి కూడా చేసుకోవచ్చు, చేసుకున్నారు కూడా, లక్షల్లో. చెరువులోకి వచ్చే కాలువ కట్టేసినంత మాత్రాన చెరువు ఆ ఏడాదే ఎండదు. ఫలితం కనిపించడానికి ఏళ్లు పడుతుందని తెలిసీ, కనిపించే వేళకు చట్టాన్ని ముగిసిపోనిచ్చారు.

వర్జీనియాలో పోలీసులు పట్టుకున్న తుపాకుల లెక్కలను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 2011లో బయటికి తీసింది. వాటిలో పెద్ద మ్యాగజైన్లున్నవి 2004 నాటికి 10 శాతానికి తగ్గాయి. చట్టం పోయాక మళ్లీ పెరిగి 2010కి 22 శాతం దాకా వెళ్లాయి. ఇది ఒక్క రాష్ట్రం లెక్క, దీనితోనే అంతా తేలిపోదు. కానీ పెద్ద మ్యాగజైన్లు నేరస్థుల చేతుల్లో నిదానంగా తగ్గుతూ వచ్చి, గేటు తెరవగానే తిరిగొచ్చాయన్నది ఇందులో కనిపిస్తోంది. నా మటుకు నాకు 1994 చట్టం చెప్పే పాఠం, హద్దు పనికిరాదని కాదు. పాతవాటిని వదిలేసి, పదేళ్లకే ముగిసే హద్దు ఎంత చేయగలదో అంతే చేసిందని.

పరిశోధనలు ఏం తేల్చాయి?

ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది లూయిస్ క్లారెవాస్, ఆయన సహచరులు 2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ప్రచురించిన అధ్యయనం. 1990 నుంచి 2017 దాకా ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది చనిపోయిన 69 కాల్పుల ఘటనలను తీసుకున్నారు. వాటిలో కనీసం 44 ఘటనల్లో పది దాటిన మ్యాగజైన్లు వాడారు. వాడిన చోట సగటున 11.8 మంది, వాడని చోట 7.3 మంది చనిపోయారు. నిషేధం లేని రాష్ట్రాల్లో ఇలాంటి ఘటనలు నిషేధం ఉన్నచోటికంటే రెట్టింపుకు పైగా జరిగాయి.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఎక్కువమందిని చంపాలని ముందే నిర్ణయించుకున్నవాడే పెద్ద మ్యాగజైన్ కొనుక్కుంటాడు. అప్పుడు చావులు పెరగడానికి కారణం మ్యాగజైనా, వాడి సంకల్పమా? రెంటినీ పూర్తిగా విడదీయడం కష్టం. నిషేధం పెట్టిన రాష్ట్రాల్లో తుపాకీ లైసెన్సుల నిబంధనలు కూడా గట్టిగా ఉంటాయి, అదీ కలుస్తుంది. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టే ర్యాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థ, ఈ నిషేధాలు సామూహిక కాల్పులను తగ్గిస్తాయనడానికి పరిమితమైన ఆధారం ఉందని అంటుంది. మిగతా హత్యల విషయంలో ఏదీ తేలలేదంటుంది. కాల్పుల ఘటనలు లెక్కలో కొద్దిగా ఉండడం, చట్టాలు పదేపదే మారడం వల్ల ఇంతకంటే గట్టి రుజువు దొరకడం కష్టం.

పూర్తి రుజువు దొరికేదాకా ఏమీ చేయకూడదంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇటువైపు పొరబడితే షూటింగ్ రేంజ్‌లో ఒకరు రెండుసార్లు ఎక్కువ మ్యాగజైన్ మార్చుకోవాల్సి వస్తుంది. అటువైపు పొరబడితే పోయేవి ప్రాణాలు.

మొత్తం తుపాకీ మరణాల్లో దీనివల్ల తగ్గేవి ఎన్ని?

తక్కువే. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. 2023లో అమెరికాలో తుపాకీకి దాదాపు 47 వేలమంది బలయ్యారు. వారిలో 27 వేల మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. ఆత్మహత్యకు ఒక్క తూటా చాలు. దాదాపు 18 వేలు హత్యలు, వాటిలో అత్యధికం పిస్తోళ్లతో జరిగినవే. వార్తల్లో పతాక శీర్షికలయ్యే సామూహిక కాల్పుల్లో చనిపోయేవారు మొత్తంలో ఒక శాతం అటూఇటూ.

మనవాళ్ల సంగతే చూడండి. 2018లో కాన్సస్ సిటీలో రెస్టారెంట్‌లో పనిచేస్తూ చనిపోయిన వరంగల్ విద్యార్థి, 2024లో షికాగో దగ్గర పెట్రోల్ బంకులో ప్రాణం పోగొట్టుకున్న ఖమ్మం విద్యార్థి, ఇద్దరూ ఖర్చుల కోసం పార్ట్‌టైమ్ పనికి వెళ్లిన పిల్లలు. దోపిడీకి వచ్చినవాడు కాల్చేది ఒకటో రెండో, నాలుగో. మ్యాగజైన్‌లో పది పట్టినా ముప్పై పట్టినా ఆ తల్లిదండ్రుల గతి మారేది కాదు. అలాంటి చావులకు మందు వేరే ఉంది: తుపాకీ కొనేవాళ్ల నేపథ్యం తనిఖీ, లైసెన్సులు, దొంగతనంగా చేతులు మారే తుపాకుల మీద నిఘా, రాత్రిపూట ఒంటరిగా కౌంటర్‌లో కూర్చోబెట్టని యజమానులు.

కోపర్ బృందం తర్వాత చేసిన ఇంకో పరిశీలనలో, చాలా నగరాల్లో నేరాలకు వాడిన తుపాకుల్లో 22 నుంచి 36 శాతం పెద్ద మ్యాగజైన్లు పట్టేవని తేలింది. వీధి తగాదాల్లో ఎక్కువ తూటాలు పేలితే దారిన పోయేవాళ్లకు కూడా తగులుతాయి. కాబట్టి సామూహిక కాల్పులకు బయట కూడా కొంత మేలు జరగొచ్చు. ఎంత అని చెప్పే లెక్క లేదు.

టెక్సస్‌లోని ఆలెన్ ఘటనలో ఈ చట్టం ఉంటే?

2023 మే 6న డాలస్ శివార్లలో తెలుగువాళ్లు శనాదివారాలు షాపింగుకు వెళ్లే ఆ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న మన అమ్మాయి ఉంది. వేరే పని మీద అక్కడే ఉన్న పోలీసు అధికారి నిమిషాల్లో హంతకుణ్ని కాల్చి చంపాడు. టెక్సస్‌లో మ్యాగజైన్‌కు హద్దు లేదు. ఉంటే ఆమె బతికేదని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ ఈ చట్టం పనికొచ్చే పరిస్థితి ఏదైనా ఉందంటే అది ఇలాంటిదే: జనం నిండిన చోటు, ఏఆర్-15 తరహా రైఫిల్, దగ్గర్లోనే పోలీసు.

నేరం చేసేవాడు చట్టాన్ని పట్టించుకుంటాడా?

పట్టించుకోనివాళ్లు ఉన్నారు. కొలరాడోలో 15 దాటకూడదని 2013 నుంచి చట్టముంది. 2021 మార్చిలో బౌల్డర్‌లో సూపర్‌మార్కెట్‌లో పది మందిని చంపినవాడి దగ్గర 30 తూటాల మ్యాగజైన్లు దొరికాయి. వాటిని ఉంచుకున్నందుకు కూడా శిక్ష పడింది, కానీ పోయినవాళ్లు తిరిగిరారు. 2019 జూలైలో కాలిఫోర్నియాలోని గిల్‌రాయ్ వెల్లుల్లి జాతరలో కాల్చినవాడు పక్కనున్న నెవాడాలో రైఫిల్ కొన్నాడు, 75 తూటాల డ్రమ్ముతో వచ్చాడు. రాష్ట్రాల సరిహద్దు మీద చెక్‌పోస్టులు ఉండవు. ఒక్కో రాష్ట్రం విడివిడిగా పెట్టే హద్దులో ఉన్న పెద్ద లోపం ఇదే, జాతీయ చట్టం కావాలనడానికి కారణమూ ఇదే.

ఇంకోవైపు, సామూహిక హంతకుల్లో చాలామందికి నేర ప్రపంచంతో పరిచయాలు లేవు. దుకాణంలో దొరికేదే కొంటారు. శాండీ హుక్ తుపాకులు అతని తల్లి చట్టప్రకారం కొన్నవి. 2017 అక్టోబర్ 1న లాస్ వెగాస్‌లో హోటల్ గది నుంచి పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కాల్చి 60 మంది చావుకు కారణమైనవాడు కూడా అన్నీ దుకాణాల్లోనే కొన్నాడు. దుకాణంలో దొరకకపోతే వీళ్లలో కొందరు ఉన్నదానితోనే సరిపెట్టుకుంటారు.

ఇంట్లో దొంగలు పడితే పది తూటాలు సరిపోతాయా?

తుపాకీ సొంతదారుల సంఘమైన ఎన్‌ఆర్‌ఏ ప్రచురించిన ఆత్మరక్షణ ఘటనలనే తీసుకుని లెక్కిస్తే, కాల్చింది సగటున రెండు చిల్లర తూటాలని కోర్టు కేసుల్లో చూపించారు. పది దాటి కాల్చాల్సి వచ్చిన ఘటన చాలా అరుదు.

అయితే భయం సగటును చూసి పుట్టదు. పోలీసులు రావడానికి అరగంట పట్టే పల్లెలో, చీకట్లో, ముగ్గురు నలుగురు చొరబడితే ఎలా అని అడిగేవాళ్లను నేను తేలిగ్గా తీసుకోను. పోలీసులకు మినహాయింపు ఇచ్చి మాకు ఎందుకు ఇవ్వరన్నది కూడా వాళ్ల ప్రశ్న. నా జవాబు ఒకటే: అలాంటి రాత్రి ఎవరి జీవితంలోనైనా రావడం ఎంత అరుదో చూడాలి, మాల్‌లో, బడిలో, సంగీత కచేరీలో ఏడాదికి ఎన్నిసార్లు కాల్పులు వింటున్నామో కూడా చూడాలి. రెంటినీ పక్కపక్కన పెడితే నాకు రెండోదే బరువుగా కనిపిస్తుంది. ఇంకొకరు మొదటిదాన్ని ఎంచుకుంటే వాళ్లను శత్రువులుగా చూడను.

ఏయే రాష్ట్రాల్లో హద్దు ఉంది?

2025 నాటికి పద్నాలుగు రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఏదో ఒక రూపంలో చట్టం చేశాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండేవాటిలో కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్, మసాచుసెట్స్, మేరీలాండ్, వాషింగ్టన్ ఉన్నాయి. ఇల్లినాయ్‌లో రైఫిల్‌కు 10, పిస్తోలుకు 15. న్యూజెర్సీ 2018లో 15 నుంచి 10కి దించింది. టెక్సస్, జార్జియా, ఫ్లోరిడా, నార్త్ కరోలినా, ఒహాయోల్లో హద్దు లేదు.

చట్టం చేసినవాళ్లు రాజకీయంగా మూల్యం కూడా చెల్లించారు. కొలరాడోలో 2013 చట్టానికి అండగా నిలిచిన ఇద్దరు రాష్ట్ర సెనేటర్లను ఆ ఏడాదే ఓటర్లు మధ్యంతరంగా దించేశారు. మ్యాగజైన్లు తయారుచేసే పెద్ద కంపెనీ రాష్ట్రం వదిలి వెళ్లిపోయింది.

కోర్టులు కొట్టేయవా?

2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పులో కొత్త కొలమానం పెట్టింది. తుపాకీ చట్టం ఏదైనా దేశ చరిత్రలో, సంప్రదాయంలో ఉన్న నియంత్రణల తరహాలో ఉండాలి. అప్పటినుంచి చాలా రాష్ట్రాల చట్టాలు కోర్టు మెట్లెక్కాయి. కాలిఫోర్నియా చట్టాన్ని కింది కోర్టు జడ్జి కొట్టేస్తే, అప్పీలు కోర్టు 2025 మార్చిలో 7-4 తేడాతో నిలబెట్టింది. రోడ్ ఐలండ్ చట్టం మీద కేసును వినడానికి 2025 జూన్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది. పెద్ద మ్యాగజైన్ రాజ్యాంగం కాపాడే ఆయుధమా, లేక ఆయుధానికి తగిలించుకునే వస్తువా అన్నదాని చుట్టూ వాదన తిరుగుతోంది.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

కెనడాలో 1989లో మాంట్రియల్ ఇంజనీరింగ్ కాలేజీలో 14 మంది యువతుల హత్య తర్వాత చట్టం వచ్చింది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కేవి) చాలావాటికి ఐదు, పిస్తోలుకు పది. అక్కడ పెద్ద డబ్బాలోనే మేకు కొట్టి ఐదుకు కుదించి అమ్ముతారు, ఆ మేకు తీసేస్తే మళ్లీ పాతదే. చట్టం రాసేటప్పుడు ఇలాంటివి చూసుకోవాలి.

న్యూజిలాండ్ కథ మనకు ఇంకా దగ్గరిది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో చనిపోయిన 51 మందిలో హైదరాబాద్, కరీంనగర్ నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. అప్పటి చట్టం ప్రకారం మామూలు లైసెన్సు ఉన్నవాడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను ఏడు తూటాల మ్యాగజైన్‌తోనే వాడాలి. కానీ పెద్ద మ్యాగజైన్ విడిగా కొనుక్కోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. హంతకుడు ఆ కన్నంలోంచే దూరాడు. నెల తిరక్కముందే పార్లమెంటు 119-1 ఓట్లతో చట్టం మార్చి, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో చాలావాటినీ పెద్ద మ్యాగజైన్లనూ కలిపి నిషేధించింది. ప్రజల దగ్గరున్నవాటిని డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. యాభై వేలకు పైగా తుపాకులు వచ్చాయి. హద్దు పెట్టి ఊరుకోకుండా పాత సరుకును కూడా లాగేయడం అమెరికా 1994లో చేయని పని.

మన దగ్గర ఈ ప్రశ్న ఎందుకు రాదు?

ఇక్కడ లైసెన్సు దగ్గరే వడపోత జరుగుతుంది. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, ఆటోమేటిక్ ఆయుధాలు పౌరులకు లేవు. మన రాష్ట్రాల్లో పోలీసులకు తలనొప్పి బిహార్, మధ్యప్రదేశ్‌ల నుంచి వచ్చే తపంచాలనే నాటు పిస్తోళ్లు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. లేదా గ్రీన్‌కార్డు వచ్చింది, తుపాకీ ఉంది, రాష్ట్రం మారుతున్నాను. ఏం చూసుకోవాలి?

ఎఫ్1, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకోవడాన్ని జాతీయ చట్టమే నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. స్నేహితుడి తుపాకీతో సరదాగా రేంజ్‌కు వెళ్లేముందు కూడా లాయర్‌ను అడగండి. తేడా వస్తే వీసాకే ముప్పు.

గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఆ నిషేధం వర్తించదు. కానీ టెక్సస్‌లో కొన్న పిస్తోలుతో వచ్చిన 17 తూటాల మ్యాగజైన్‌ను సామాన్లతోపాటు న్యూజెర్సీకి తీసుకెళితే అది నేరం, పద్దెనిమిది నెలల దాకా జైలు పడొచ్చు. తూటాలు లేని ఖాళీ డబ్బా అయినా అంతే. సామాన్లు సర్దకముందే కొత్త రాష్ట్రం చట్టం చదివి, పెద్ద మ్యాగజైన్లను పాత రాష్ట్రంలోనే లైసెన్సున్న డీలర్‌కు అమ్మేయండి, లేదా స్థానిక పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి.